తోట కొలనుకు పంపు ఎంపిక: కొలతల నుంచి బిగింపు దాకా

కొలనుకు పంపు కొనేటప్పుడు అందరి చూపూ ముందు పడేది పెట్టె మీద పెద్దగా రాసి ఉండే ‘గంటకు ఇన్ని లీటర్లు’ అన్న అంకె మీదే. పైపు ఏదీ బిగించకుండా, నీటిని ఒక్క సెంటీమీటరు కూడా పైకి ఎక్కించకుండా ఉన్నప్పుడు పంపు నోటి నుంచి వచ్చే నీరు అది. పక్కన రాసే ‘గరిష్ఠ ఎత్తు’ సంగతీ అంతే. నీరు అక్కడిదాకా ఎక్కి ఆగిపోతుంది, ఆ ఎత్తులో ధార సున్నా. ఈ రెండూ ఒకేసారి ఎప్పుడూ దొరకవు. గంటకు 6000 లీటర్లు, 3 మీటర్లు అని రాసి ఉంది కదా అని 3 మీటర్ల జలపాతానికి ఆ పంపు పెడితే రాయి కూడా తడవదు. కాబట్టి పంపు ఎంపిక దుకాణంలో కాదు, కొలను గట్టు మీద టేపు పట్టుకుని మొదలుపెట్టాలి.

1. కొలనులో నీరెంత?

పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 1000తో గుణిస్తే లీటర్లు. అడుగుల్లో కొలిస్తే ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. గుండ్రటి కొలనుకు వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో, 3.14తో, లోతుతో గుణించాలి. వంకరటింకర అంచులున్న కొలనైతే పొడవు, వెడల్పు ఎక్కువగా ఉన్నచోట కొలిచి, చివర్లో 0.8తో గుణిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది.

లోతు దగ్గరే ఎక్కువమంది లెక్క తప్పుతారు. నడిమి గుంట లోతునే మొత్తం కొలను లోతుగా తీసుకుంటే నీరు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా తేలుతుంది. అయిదారు చోట్ల కర్ర దించి, తడిసిన మేర కొలిచి, సగటు తీయండి. కొలను ఇంకా నింపకపోతే మరీ సులువు. కుళాయి కింద బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి, కొలను నిండడానికి పట్టిన సమయంతో లెక్క కట్టండి.

2. ఆ నీటితో ఏం పని?

పంపు తనంతట తాను నీటిని శుభ్రం చేయదు. మురికిని ఫిల్టరు దాకా మోసుకెళ్తుంది, నీటిని కదిలించి గాలి కలిసేలా చేస్తుంది. ఎంత ధార కావాలన్నది కొలనులో ఏముందన్న దాన్ని బట్టే.

మొక్కలు మాత్రమే ఉన్న కొలనుకు పంపు తప్పనిసరి కాదు. కలువలు నిలకడ నీటిని ఇష్టపడతాయి. ఆకుల మీద ఎప్పుడూ నీళ్ళు చిమ్ముతుంటే అవి చెడిపోతాయి. పూలు, ఫౌంటెన్ రెండూ కావాలంటే కలువలను ధార తగలని మూలకు జరపండి.

చిన్న చేపలు కొద్దిగా ఉంటే మొత్తం నీరు రెండు గంటలకొకసారి ఫిల్టరు గుండా తిరగాలి. 3000 లీటర్ల కొలనుకు గంటకు 1500 లీటర్లన్నమాట. కోయి అనే రంగురంగుల అలంకరణ చేపలుంటే గంటకొకసారి తిప్పండి. అవి పెద్దవవుతాయి, బాగా తింటాయి, అంతే విసర్జిస్తాయి. వాటి మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టరులోని బ్యాక్టీరియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా బతకాలంటే ఆక్సిజన్ ఉన్న నీరు ఆగకుండా అందుతూ ఉండాలి. ఫిల్టరుకు నీరిచ్చే పంపు రాత్రీపగలూ నడవాలనడానికి కారణం ఇదే. కరెంటు ఆదా కోసం రాత్రి ఆపే అలవాటు అసలే వద్దు. రాత్రిపూట మొక్కలు, నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. పైగా 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు పట్టేది ఏడున్నరే. ఎండాకాలంలో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ చాలడం లేదని అర్థం.

జలపాతం లెక్క వేరు. దాన్ని నీరు దూకే అంచు వెడల్పుతో కొలుస్తారు. ప్రతి సెంటీమీటరు వెడల్పుకు గంటకు 100 లీటర్లిస్తే పల్చటి పొరలా జారుతుంది. 150 ఇస్తే నిండుగా కనిపిస్తుంది. 200 దాటితే హోరు మొదలవుతుంది. పడకగది కిటికీ దగ్గరుంటే ఇది ముందే ఆలోచించుకోవాలి. అంకెలు నమ్మబుద్ధి కాకపోతే పరీక్ష ఉంది. మొక్కలకు నీళ్ళు పట్టే పైపు ధారను బకెట్‌తో కొలిచి, ఆ నీటిని అంచు మీద వదిలి చూడండి. పైపు నిమిషానికి 15 లీటర్లు ఇస్తే అది గంటకు 900. ఆ నీరు 6 సెంటీమీటర్ల అంచు మీద ఎలా ఉంటుందో, 9 సెంటీమీటర్ల మీద ఎలా ఉంటుందో కళ్ళారా చూశాక నిర్ణయించుకోవచ్చు. అంచు సమమట్టంగా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. కొద్దిగా వాలినా నీరంతా ఒక పక్కకే పోతుంది. పంపుకు బలం లేదనుకుని మార్చేసే సందర్భాలు చాలావరకు ఇవే.

ఫిల్టరుకు ఒక ధార, జలపాతానికి మరో ధార అవసరమైతే, రెండింటిలో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. అయితే ఫిల్టరు మీద, యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం మీద రాసిన గరిష్ఠ ప్రవాహాన్ని మించకూడదు. నీరు మరీ వేగంగా దాటిపోతే యూవీ కాంతి ఆకుపచ్చ నాచు మీద పనిచేయడానికి వ్యవధి ఉండదు. తేడా ఎక్కువగా ఉన్నచోట రెండు పంపులు పెట్టడమే మేలు: ఫిల్టరుకు ఆగకుండా నడిచే చిన్నది, జలపాతానికి కావలసినప్పుడు వేసుకునే పెద్దది. ఒకటి పాడైనా రెండోది చేపలను కాపాడుతుంది.

3. హెడ్: అసలు లెక్క ఇక్కడుంది

పంపు నీటిని నెట్టేటప్పుడు ఎదురయ్యే మొత్తం అడ్డును హెడ్ అంటారు, దాన్ని ఎత్తుగా లెక్కగట్టి మీటర్లలో చెబుతారు. ఇందులో రెండు భాగాలు ఉన్నాయి.

మొదటిది నిలువు ఎత్తు. దీన్ని కొలను నీటి ఉపరితలం నుంచి నీరు బయటికి వచ్చే చోటు దాకా కొలవాలి. పంపు అడుగున ఎంత లోతులో ఉన్నా లెక్కలోకి రాదు, ఎందుకంటే పైనున్న నీరు అంతే బలంతో పంపును నెడుతుంది. జలపాతం దూరంగా ఉంటే కంటి అంచనా పనికిరాదు. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబుతో కొలవండి. పైపు దారిలో ఎక్కడైనా ఇంకా ఎత్తైన చోటుంటే ఆ ఎత్తునే తీసుకోండి.

రెండోది పైపులో రాపిడి. చేటు చేసేది ఎక్కువగా ఇదే. నునుపైన పైపులో, లోపలి వ్యాసాన్ని బట్టి, మీటరు పొడవుకు పోయే హెడ్ సుమారుగా ఇలా ఉంటుంది:

- గంటకు 3000 లీటర్లు పోతున్నప్పుడు 25 మి.మీ. పైపులో 12 సెం.మీ., 32 మి.మీ.లో 4 సెం.మీ., 40 మి.మీ.లో 1.3 సెం.మీ.
- గంటకు 6000 లీటర్లు పోతున్నప్పుడు 32 మి.మీ. పైపులో 13 నుంచి 14 సెం.మీ., 40 మి.మీ.లో నాలుగున్నర, 50 మి.మీ.లో ఒకటిన్నర.

ధార రెట్టింపైతే రాపిడి మూడున్నర రెట్లకు పైగా పెరుగుతోంది. పైపును ఒక్క సైజు పెంచితే మూడో వంతుకు పడిపోతోంది. పెద్ద పంపుకు పెట్టే డబ్బు కన్నా లావు పైపుకు పెట్టే డబ్బు ఎక్కువ ఫలమిస్తుంది. పైపు ఖర్చు ఒక్కసారే, పెద్ద పంపు తాగే కరెంటు ప్రతి నెలా. గట్టి పీవీసీ పైపు మీద రాసే మిల్లీమీటర్లు చాలావరకు బయటి వ్యాసం, లోపల అంతకన్నా సన్నగా ఉంటుంది. మడతలుండే గొట్టంలో రాపిడి నునుపు పైపులో కన్నా ఎక్కువ, కాబట్టి అదే వాడుతుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఈ సైజుల్లో 90 డిగ్రీల ఎల్బో ఒక్కొక్కటి సుమారు మీటరు పైపుతో సమానం. ఒక ఎల్బో బదులు రెండు 45 డిగ్రీల వంపులు పెట్టినా, మెత్తని గొట్టాన్ని పెద్ద చుట్టుతో తిప్పినా నష్టం తగ్గుతుంది. మూత బిగించి ఉండే ప్రెషర్ ఫిల్టరు మధ్యలో ఉంటే దాని తయారీదారు చెప్పిన హెడ్ కలపండి. చెప్పకపోతే ఒక మీటరు కలుపుకోండి, స్పాంజి మురికితో నిండేకొద్దీ అడ్డు పెరుగుతుంది. పైనుంచి నీరు పడి కిందికి కారిపోయే పెట్టె ఫిల్టరుకైతే దాని నోటి ఎత్తు ఒక్కటే లెక్క.

4. లెక్క కట్టి చూద్దాం

3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 60 సెం.మీ. సగటు లోతున్న వంకర అంచుల కొలను. 3 × 2 × 0.6 × 0.8 అంటే దాదాపు 2900 లీటర్లు. చిన్న చేపలున్నాయి, రెండు గంటలకోసారి తిప్పడానికి గంటకు 1450 లీటర్లు చాలు. జలపాతం అంచు 25 సెం.మీ., నిండుగా పడాలి. 25 × 150 అంటే గంటకు 3750. పెద్దది ఇదే.

జలపాతం అంచు నీటి మట్టానికి మీటరు పైన ఉంది. పైపు 5 మీటర్లు, ఎల్బోలు రెండు, అంటే లెక్కకు 7 మీటర్లు. 32 మి.మీ. పైపులో 3750 లీటర్లకు రాపిడి మీటరుకు దాదాపు 5.7 సెం.మీ., మొత్తం 40 సెం.మీ. హెడ్ 1.4 మీటర్లు. అదే 25 మి.మీ. పైపైతే రాపిడే 1.3 మీటర్లు మింగేస్తుంది, హెడ్ 2.3కు చేరుతుంది. కొలను అదే, జలపాతం అదే, అయినా పంపు మారిపోయింది.

దుకాణంలో అడగాల్సిన మాట ఒక్కటే: 1.4 మీటర్ల హెడ్ దగ్గర గంటకు 3750 లీటర్లు ఇచ్చే పంపు కావాలి. పెట్టె మీదో, సూచనల కాగితంలోనో ఒక వంపు గీత ఉంటుంది. ఒక పక్క ఎత్తు, మరో పక్క ప్రవాహం. 1.4 దగ్గర నుంచి గీత దాకా వెళ్ళి, అక్కడి ప్రవాహం ఎంతో చూడండి. 10 నుంచి 20 శాతం ఎక్కువే ఉండేలా ఎంచుకోండి, ఎందుకంటే పంపు నీరు పీల్చే చోట ఉండే జాలీకి పాచి పట్టేకొద్దీ ధార తగ్గుతుంది. మీ హెడ్ పంపు గరిష్ఠ ఎత్తులో సగం దాటకుండా ఉండడం మంచిది. ఆ గీతే ఇవ్వని పంపును మేమైతే కొనమని చెప్పం.

ఇప్పుడు వాట్లు చూడండి. గంటకు ఎన్ని లీటర్లో దాన్ని హెడ్ మీటర్లతో గుణించి 367తో భాగిస్తే, నీటిని ఎత్తడానికి నికరంగా కావలసిన వాట్లు వస్తాయి. మన ఉదాహరణలో 14. చిన్న పంపుల్లో నష్టాలు ఎక్కువే కాబట్టి 40 నుంచి 60 వాట్ల పంపు సబబు. ఇదే పనికి 150 వాట్లు లాగే పంపు చూపిస్తే వద్దనండి. ఆగకుండా నడిచే 100 వాట్ల పంపుకు నెలకు 72 యూనిట్లు, 40 వాట్ల పంపుకు 29. ఏడాది తిరిగేసరికి ఈ తేడా పంపు ధరను దాటిపోవచ్చు.

5. ఏ రకం పంపు?

తోట కొలనులకు నీట మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ పంపే మామూలు. అందులోనూ తేడాలున్నాయి.

ఫిల్టరుకు, జలపాతానికి వాడే పంపు జాలీ రంధ్రాలు పెద్దవి. 6 నుంచి 10 మి.మీ. దాకా ఉన్న చెత్తను, చేపల మలాన్ని ముక్కలు చేయకుండా లాగి ఫిల్టరుకు పంపుతుంది. ఫౌంటెన్ పంపుకు సన్నని జాలీయో స్పాంజియో ఉంటుంది, నాజిల్ రంధ్రాలు మూసుకుపోకుండా. ఫౌంటెన్ పంపును ఫిల్టరుకు బిగిస్తే మురికి ఫిల్టరు దాకా చేరదు, జాలీ దగ్గరే ఆగి రెండు మూడు రోజులకోసారి ధార చచ్చిపోతుంది. అటూ ఇటూ మార్చడం వల్లే సగం తంటాలు వస్తాయి. ఫౌంటెన్ పెడితే ధార ఎత్తు కొలను వెడల్పులో సగం మించకుండా చూసుకోండి, లేదంటే గాలి వీచినప్పుడల్లా నీరు బయటపడి కొలను తరుగుతుంది.

లోపలి మోటారు అయస్కాంతంతో ఇంపెల్లర్‌ను (నీటిని నెట్టే రెక్కల చక్రాన్ని) తిప్పే రకం అయితే తిరిగే భాగం చుట్టూ సీలు అక్కర్లేదు, నూనె ఉండదు, కరెంటు తక్కువ. రెండు మూడు మీటర్ల లోపు హెడ్‌కు ఇదే సరైనది. నూనె నింపిన మోటారున్న పంపులు ఎక్కువ ఎత్తుకు నెడతాయి గానీ, సీలు చెడిన రోజు నూనె నీటిలో కలుస్తుంది. చేపలున్న కొలనులో అవి వద్దు.

ఇంట్లో పడి ఉంది కదా అని ట్యాంకుకు నీరెక్కించే మోటారునో, నీళ్ళు తోడిపోసే సంప్ పంపునో వాడాలనిపిస్తుంది. ట్యాంకు మోటారు పదుల మీటర్ల ఎత్తుకు తయారైనది. అర హార్స్‌పవర్ అంటేనే 373 వాట్లు, కరెంటు మీటర్ మీద పడేది అంతకన్నా ఎక్కువ. సంప్ పంపు కాసేపు నడిచి ఆగడానికి చేసినది, రాత్రీపగలూ నడిపితే వేడెక్కి కాలిపోతుంది. పంపు మీద ‘నిరంతరాయంగా నడపవచ్చు’ అని స్పష్టంగా ఉండాలి.

గట్టు మీద పెట్టే బయటి పంపు పెద్ద కొలనులకు, అంటే పది పదిహేను వేల లీటర్లు దాటినవాటికి ఆలోచించదగ్గది. శుభ్రం చేయడానికి నీళ్ళలో దిగక్కర్లేదు. దాన్ని నీటి మట్టానికి కింద, తడవని గుంటలో పెడితే నీరు తనంతట తానే వచ్చి నిండుతుంది. మట్టానికి పైన పెడితే, పీల్చే పైపు చివర నీరు వెనక్కి జారిపోకుండా ఆపే ఫుట్ వాల్వ్ కావాలి, గాలి చొరబడినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు పోసి నింపాలి.

సోలార్ పంపు ముచ్చటైన చిన్న ఫౌంటెన్‌కు బాగుంటుంది. బ్యాటరీ లేకపోతే మబ్బు పట్టగానే ఆగిపోతుంది కాబట్టి చేపల ప్రాణాలు దాని మీద పెట్టకండి. వేగం మార్చుకునే పంపు కొంచెం ఖరీదైనా లాభసాటి. ధారను ఐదో వంతు తగ్గిస్తే కరెంటు సగం దాకా తగ్గవచ్చు.

6. బిగింపు

పంపును నీరు తిరిగి వచ్చి పడే చోటికి ఎదురు చివర పెట్టండి. జలపాతం కిందే పెడితే అక్కడి నీరే గిరగిరా తిరుగుతుంది, అవతలి మూల కుళ్ళుతుంది.

అడుగున మట్టి మీద నేరుగా కాకుండా ఇటుక మీదో, చదును రాయి మీదో ఉంచండి, ప్లాస్టిక్ షీటు మీదైతే రాయి కింద ఒక షీటు ముక్క వేయండి. ఇందులో ఇంకో మేలూ ఉంది. పైపు ఊడినా, జలపాతం పక్క నుంచి కారినా పంపు కొలను మొత్తాన్ని తోడేయగలదు. నోరు అడుగు నుంచి 15, 20 సెం.మీ. పైనుంటే చేపలకు ఆ మాత్రం నీరు మిగులుతుంది.

పంపుతో వచ్చే పైపు మూతి మెట్లు మెట్లుగా ఉంటుంది, వేర్వేరు సైజుల గొట్టాలకు సరిపడేలా. మీ గొట్టం లావు మెట్టుకు సరిపోతే, దాని ముందున్న సన్న మెట్లను రంపంతో కోసేయండి. అలాగే వదిలేస్తే 40 మి.మీ. పైపు వేసినా నీరు దూరేది 25 మి.మీ. సందులోంచే. ఇది చాలామంది కంటపడని తప్పు. గొట్టానికి స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పులే వాడండి.

ధార తగ్గించే వాల్వ్ పెడితే పంపు తర్వాతే, బయటికి పోయే పైపు మీదే పెట్టాలి. లోపలికి పీల్చే వైపు అడ్డుపెడితే ఇంపెల్లర్ దగ్గర బుడగలు పుట్టి దాన్ని తినేస్తాయి.

కరెంటు విషయంలో రాజీ లేదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. పంపు మీద ఐపీ 68 అని, అంటే నీటిలో మునిగి ఉండగలదని చెప్పే గుర్తు ఉండాలి. కేబుల్‌కు నీటిలో అతుకు ఉండకూడదు, కాబట్టి స్విచ్చు దాకా దూరం కొలిచాకే కేబుల్ పొడవు చూసి కొనండి. ప్లగ్గుకు చేరేముందు కేబుల్ కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కేలా వదిలితే, దాని వెంట జారే నీరు ప్లగ్గులోకి పోదు. నీటిలో చేయి పెట్టేముందు ప్లగ్గు పీకేయండి, స్విచ్చు ఆపితే చాలదు. పంపును కేబుల్ పట్టుకుని ఎత్తవద్దు, పిడికి తాడు కట్టుకోండి. పిల్లలు దిగే కొలనులో 12 వోల్టుల పంపే, దాని ట్రాన్స్‌ఫార్మర్ నీటికి దూరంగా.

మొదటిసారి వేసినప్పుడు కొలను మట్టం కాస్త దిగుతుంది, ఆ నీరు పైపులోను, కాలువలోను చేరుతుంది. అది చూసి పైదాకా నింపేయకండి. పంపు ఆగినప్పుడు అదంతా తిరిగొచ్చి గట్టు పొర్లుతుంది.

తర్వాత ధారను కొలవండి. 20 లీటర్ల బకెట్ 16 సెకన్లలో నిండితే, 20 × 3600 ÷ 16, అంటే గంటకు 4500. ఈ అంకె రాసి పెట్టుకోండి.

7. ధార తగ్గితే

మళ్ళీ బకెట్ పెట్టి, రాసుకున్న అంకెతో పోల్చండి. నాలుగో వంతు తగ్గితే వెతకాలి. ముందు జాలీ. తర్వాత ఇంపెల్లర్: నాచు పీచు దాని చుట్టూ చుట్టుకుంటుంది, మూత తీసి చేత్తో లాగేయండి. రెండూ శుభ్రంగానే ఉంటే పైపు లోపల జిగట పాచి ఉంటుంది, పొడవాటి బ్రష్షుతో తోమాలి. ఫిల్టరు స్పాంజిని కొలను నీటితోనే పిండండి, క్లోరిన్ కలిసిన కుళాయి నీరు బ్యాక్టీరియాను చంపుతుంది.

రొద వస్తూ తిరగకపోతే ఇంపెల్లర్ ఇరుక్కుంది. గులకరాయి గానీ, ఉప్పునీటి సున్నపు పొర గానీ కారణం. సున్నమైతే వెనిగర్‌లోనో, నిమ్మ ఉప్పు కలిపిన నీటిలోనో రాత్రంతా నానబెట్టి కడగండి. కాసేపు నడిచి, ఆగి, మళ్ళీ నడుస్తుంటే అది వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది: నీరు తక్కువై ఉంటుంది, లేదా జాలీ మూసుకుపోయి ఉంటుంది. నీరు లేకుండా నడిచిన పంపులో సిరామిక్ ఇరుసు పగులుతుంది. ఇరుసు, ఇంపెల్లర్ విడిగా దొరికే మోడల్ కొన్నవారికి అప్పుడు కొత్త పంపు అవసరం రాదు. ఆర్‌సీసీబీ పదే పదే పడిపోతుంటే మాత్రం విప్పి చూడకండి, నీరు మోటారు తీగచుట్ట (వైండింగ్) దాకా చేరి ఉంటుంది. ఆ పంపును తీసేయాల్సిందే.

కరెంటు పోయి ఫిల్టరు చాలా గంటలు ఆగిపోతే, పంపు వేసేముందు ఫిల్టరులో నిలిచిన నీటిని బయట పారబోయండి. ఆక్సిజన్ లేక చచ్చిన బ్యాక్టీరియాతో కుళ్ళిన ఆ నీరు ఒక్కసారిగా కొలనులోకి వెళ్తే చేపలకు ప్రమాదం.